సేరంపూరు కళాశాల చెప్పెడి పాఠము

వంగదేశమున హుగ్లీనది పడమటి యొడ్డున, కలకత్తాకు సుమా రేడు క్రోసుల యెగువను, సేరంపూరను చిన్నపట్టణము గలదు. దేశీయులు దానిని శ్రీరామపురమందురు. 1755 మొదలు 1845 వఱకును, నడుమ కొలదికాలము దప్ప, అది డెన్మార్కు రాజుయొక్క వర్తకస్థానము. ఆ పట్టణమున 1818వ సంవత్సరమున ముగ్గురు ఆంగ్లేయ మతబోధకులు 37గురు విద్యార్థులతో నొక కళాశాలను నెలకొల్పిరి. ప్రొటెస్టంటు క్రైస్తవ వేదాంతమును బోధించుటకును, దానితోపాటు తూర్పుదేశపు సాహిత్యమును పడమటిదేశపు శాస్త్రములను నేర్పుటకును అది యుద్దేశింపబడెను. 2018లో దానికి రెండువందల యేండ్లు నిండినవి.

ఈ చిన్న క్రైస్తవ కళాశాల ప్రసంగము మనకేల యని పాఠకులలో ననేకు లడుగవచ్చును. అడుగుట న్యాయమే. మా ప్రత్యుత్తర మిది. దేశభాషలలో ఉన్నతవిద్య సాధ్యమా యసాధ్యమా యను వివాదము నేడు పుట్టినది కాదు. తెలుగున శాస్త్రము చెప్పరాదనువారి వాదమును క్రొత్తది కాదు. ఆ వివాదమునందు దేశభాషల పక్షము వహించి నిలిచిన తొలి విద్యాలయములలో నిది యొకటి. అది యోడిపోయెను. ఎట్లోడెనో, ఎవరిచేత నోడెనో తెలిసికొనినచో, నేడు మనము నిలిచిన చోటు మనకు దెలియును. అందుకే ఈ ప్రసంగము.

సేరంపూరు పేరెత్తగనే మనదేశమున రెండు తెగలవారు లేచి నిలుతురు. ఒక తెగవారికి ఆ ముగ్గురు దొరలు అవతారపురుషులు. మనకు అచ్చుయంత్రము, వచనము, పత్రిక, పాఠశాల యన్నియు వారు ప్రసాదించిన భిక్షయే యని వీరు చెప్పుదురు. రెండవ తెగవారికి అచట జరిగినదంతయు మతాంతరీకరణ కుతంత్రము. వారచ్చొత్తిన వ్యాకరణమును వలయే, వారు నేర్పిన రసాయనశాస్త్రమును ఎరయే. ఈ రెండు తెగలవారును చరిత్రను చదువరు. మొదటివారు మనవారి చేతిపనిని మఱతురు. రెండవవారు మనవారి తప్పును మఱతురు. మే మీ యిరువురితోను ఏకీభవింపజాలము.

స్థాపకులెవరో మొదట చూతము. విలియం కేరీ ఇంగ్లండున చెప్పులు కుట్టి జీవించినవాడు. జాషువా మార్ష్‌మన్ సాలెవాని కుమారుడు, బడిపంతులు. విలియం వార్డు అచ్చుపనివాడు. వీరిలో నెవ్వరును ఆక్స్‌ఫర్డు కేంబ్రిడ్జి విద్యాలయముల గడప త్రొక్కి చదివినవారు కారు. కేరీ 1793లోనే వంగదేశము చేరెను. మిగిలిన యిరువురును 1799లో వచ్చిరి. ఈస్టిండియా కంపెనీ నాడు తన రాజ్యమున మతబోధకులను సహింపలేదు. కంపెనీకి కావలసినది పన్నును వర్తకమును. క్రీస్తు నామము పలికినను, సత్యనారాయణ వ్రతము చేసినను, లాభము తగ్గకుండినం జాలును. కావుననే ఆంగ్లేయులైన యీ మువ్వురును ఆంగ్లేయుల రాజ్యమున నిలువనీడ లేక, డేనుల చిన్నపట్టణము నాశ్రయింపవలసివచ్చెను. కంపెనీయును క్రైస్తవమతమును ఏకదేహమని తలచువారు ఈ సంగతి గమనింతురు గాక.

ఆ పట్టణమున వారొక యుమ్మడికుటుంబమువలె జీవించిరి. 1801 నుండి కేరీ ఫోర్టు విలియం కళాశాలలో దేశభాషల నధ్యాపనము చేసి గడించిన వేతనము, మార్ష్‌మన్ దంపతుల పాఠశాల రాబడి, వార్డు అచ్చుకూటపు రాబడి, అంతయు నొకే పెట్టెలో పడుచుండెను. అందుండి తమ గ్రాసమునకు కొంచెము దీసికొని తక్కినది పనికి వినియోగించిరి. 1818 నాటికి వారి యాజమాన్యమున వంగభాషలో బోధించు పల్లెబడులు నూటికి పైగా నడచుచుండెను. ఆ యేడే 'దిగ్దర్శన్' అను మాసపత్రికయు 'సమాచార దర్పణ్' అను వారపత్రికయు వంగభాషలో వెలువడెను. కళాశాల భవనమునకైన వ్యయములో నధికభాగమును వారు తమ యార్జితమునుండియే భరించిరి. నదికభిముఖముగా గొప్ప స్తంభములతో నేటికిని నిలిచియున్న యా భవనము ఏ జమీందారుని దానమును గాదు, ఏ గవర్నరుని యనుగ్రహమును గాదు.

ఆ పనికి చేతులెవరివి? ఇచట స్తుతిపాఠకులు మౌనము వహింతురు. సేరంపూరు అచ్చుకూటమున దేశభాషాక్షరములను మలచినవాడు పంచానన కర్మకారుడను వంగదేశీయుడు. వంశవృత్తి కమ్మరము. అతని యల్లుడు మనోహరుడు ఆ విద్యను కొనసాగించెను. కేరీకి భాషలు నేర్పి, వ్యాకరణములు విడమఱచి, అనువాదములను పంక్తి పంక్తికి దిద్దినవారు మన పండితులు. మనదేశపు కమ్మరి సుత్తెయు, మన పండితుని ఘంటమును లేకున్నచో, ఆ దొరల సంకల్పము కాగితముమీదికి దిగియుండెడిది కాదు. ఈ మాట చెప్పుట వారి కీర్తిని తగ్గించుట కాదు. ఋణపత్రమున రెండవ సంతకమును చదువుట.

తెలుగువారమైన మనకు ఈ చోటితో ప్రత్యేకబంధము గలదు. 1805లో విశాఖపట్టణమున దిగిన డెస్‌గ్రాంజెస్ అను మతబోధకుడు, ఆనందరాయరను తెలుగు బ్రాహ్మణ క్రైస్తవుని సాయమున సువార్తలను తెలిగించెను. అవి అచ్చయినది సేరంపూరుననే, 1812లో. ఆ యేడు మార్చినెలలో అచ్చుకూటము అగ్నికి నాహుతియయ్యెను. అనేక భాషల యక్షరములు కరగిపోయెను. వ్రాతప్రతులు బూడిదయయ్యెను. ఆ బూడిదలో కేరీ సిద్ధము చేసికొనిన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు గలదు. ఆయన మరల మొదటినుండి వ్రాసి 1814లో ఆ తెలుగు వ్యాకరణమును ప్రకటించెను. 1818లో, అనగా కళాశాల పుట్టిన యేటనే, తెలుగు క్రొత్తనిబంధన యచటినుండి వెలువడెను. ఆ యనువాదము నిర్దుష్టమని మే మనము. తరువాతివారు దానిని విడిచి క్రొత్తగా తెలిగించుకొనిరి. అయినను, తెలుగునాటికి దూరముగా గంగాతీరమున మన యక్షరములు పోతపోయబడి, కాలిపోయి, మరల పోతపోయబడిన కథను ఆంధ్రు డెట్లు మఱచును?

ఇక కళాశాల సిద్ధాంతమునకు వత్తము. విద్యార్థి మొదట తన భాషలో జ్ఞానము సంపాదింపవలెను. పిదప సంస్కృతము నభ్యసించి దేశమునందలి పండితులతో సమానస్కంధుడై నిలువవలెను. పడమటి శాస్త్రములను తన భాషలోనే గ్రహింపవలెను. ఆంగ్లము, యోగ్యత చూపిన కొందఱికి మాత్రము. ఇదియే వారి ప్రణాళిక. దీనిని మాటలలో విడిచిపెట్టలేదు. స్కాట్లండునుండి వచ్చిన జాన్ మాక్ అను నుపాధ్యాయు డచట రసాయనశాస్త్రమును బోధించెను. 1834లో ఆయన రసాయనశాస్త్రగ్రంథము వంగభాషలో వెలువడెను. అప్పటికి కలకత్తాలోగాని, చెన్నపట్టణమునగాని, బొంబాయిలోగాని విశ్వవిద్యాలయ మన్నది లేదు. దేశభాషలు శాస్త్రమునకు చాలవనుచు నేడు గంభీరముగా తల యాడించువారు ఈ సంవత్సరమును జ్ఞాపకముంచుకొందురు గాక: 1834.

సంస్కృత మెందులకు? వేదాంతమెఱుగని క్రైస్తవుడు వేదాంతితో వాదింపలేడు గనుక. ఉద్దేశము మతప్రచారమే. దానిని వారు దాచలేదు, మేమును దాచము. కాని యుద్దేశము నంగీకరింపనివాడు ఉపాయముయొక్క సత్యమును గూడ త్రోసివేయవలయునా? పరుని యింటి దీపము మన వాకిట వెలుతురు నిచ్చినచో, దీపమెవరిదని దానిని ఆర్పుదుమా? 1820లో రామమోహనరాయలు క్రీస్తు నీతిబోధలను మాత్రము సంగ్రహించి ప్రకటింపగా, మార్ష్‌మన్ దానిని ఖండించెను. రాయలు ప్రతిఖండించెను. ఆ వివాదమున రాయల పాండిత్యము నెదుర్కొనలేక పాదరులు చెమటలు గ్రక్కిరనుట మా యభిప్రాయము. వాదమునకు వాదమే సమాధానము. అధికారమును పిలువని వాదమునకు మేము భయపడము.

ఆ కళాశాలకు 1827లో డెన్మార్కు రాజు ఆఱవ ఫ్రెడరికు శాసనమును ప్రసాదించెను. అందువలన దానికి పట్టము లిచ్చు నధికారము లభించెను. మన మూడు రాజధానీనగరముల విశ్వవిద్యాలయములు పుట్టుటకు ముప్పది యేండ్లకు ముందే, ఒక చిన్న దేశపు రాజు, ఒక చిన్న పట్టణములోని చిన్న కళాశాలకు, ఆంగ్లప్రభుత్వ మెవ్వరికి నీయని హక్కు నిచ్చెను. 1833 నాటి కళాశాలా నిబంధనలలో, కులముగాని, దేహవర్ణముగాని, దేశముగాని ప్రవేశమునకు ప్రతిబంధకము కారాదని వ్రాయబడెను. హిందువులును మహమ్మదీయులును చదువుకొనవచ్చును.

ఈ నిబంధన చదివినపు డెల్ల మాకు సంతోషముకంటె సిగ్గే ముందు కలుగుచున్నది. ఆ దినములలో మన పాఠశాలలలో మాలమాదిగల బిడ్డకు చోటుండెనా? మన వేదపాఠశాలలలో శూద్రుని కుమారునకు చోటుండెనా? వాకిలి మనము మూసితిమి. పరదేశి తెఱచెను. తెఱచిన వాకిట దూరినవానిని స్వధర్మద్రోహి యని తిట్టుటకు మనకేమి యధికారము గలదు? తరువాతికాలమున తెలుగునాట గుంటూరు, ఒంగోలు, నెల్లూరు సీమలలో వేలకొలది పంచములు క్రైస్తవులైనపుడును మనవారు తిట్టిరే కాని, బడితలుపు తెఱచిన వారెందఱు? మతాంతరీకరణమును దూషించువాడు మొదట తన యూరి బడివాకిట నిలిచి లోపలికి జూడవలెను.

అయితే నిబంధన వ్రాయుట యొకటి, నడపుట యొకటి. ఇచట స్తుతిపాఠకులకు మేము ముఖాముఖిగా చెప్పవలసినది గలదు. కులవర్ణదేశభేదములు లేవని వ్రాసికొనిన యా కళాశాలకు భారతీయుడు ప్రధానాచార్యుడైన దెప్పుడు? 1949లో. కేరళీయుడైన సి. ఇ. అబ్రహాముగారు ఆ పీఠ మెక్కునాటికి కళాశాల పుట్టి 131 సంవత్సరములు గడచెను. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి రెండేండ్లయ్యెను. ఆంగ్లేయ ప్రభువు డిల్లీ విడిచి పోయిన పిదపగాని ఆంగ్లేయ పాదరి సేరంపూరు పీఠమును విడువలేదు. ప్రవేశమునకు వర్ణము ప్రతిబంధకము కాదట! అధికారమునకు మాత్రము నూటముప్పదియేండ్లు ప్రతిబంధకమాయెను. బల్లమీద కూర్చుండనిచ్చి కుర్చీమీద కూర్చుండనీయని సమత్వము సగము సమత్వము.

శాసనమునకును అదే గతి. 1827లో వచ్చిన పట్టాధికారము 1915 వఱకు వినియోగింపబడలేదు. తొలి వేదాంతపట్టములు 88 సంవత్సరముల పిదప నీయబడెను. ఈ నడుమ నేమి జరిగెను? ఇదియే మా ప్రసంగమునకు గుండెకాయ.

మొదటి దెబ్బ స్వజనులనుండి వచ్చెను. సేరంపూరువారికిని లండనులోని వారి సంఘమునకును ఆస్తిని గూర్చి కలహము పుట్టెను. మా రెక్కల కష్టమున సంపాదించిన దానిపై సముద్రమునకు ఆవలనున్న మీ యధికారమేమని వీరు. మా సేవకులు సంపాదించినది మాదే యని వారు. శాసనము వచ్చిన 1827లోనే యిరువురును విడిపోయిరి. దూరమున గూర్చుండి పెత్తనము సేయువారికిని, దగ్గఱ నిలిచి పాటుపడువారికిని నడుమ జరుగు ఈ కలహము మనకు క్రొత్తదా? ఆంగ్లేయునికి సైతము లండను పెత్తనము దుర్భరమయ్యెను. ఇక భారతీయుని మాట చెప్పనేల?

రెండవ దెబ్బ ధనమునుండి వచ్చెను. 1830 మొదలుకొని మూడునాలుగేండ్లలో కలకత్తాలోని గొప్ప గొప్ప వర్తకసంస్థలు ఒకదాని వెంట నొకటి దివాలా తీసెను. అచట దాచిన సేరంపూరు నిధులు మట్టిగలిసెను. వార్డు 1823లోను, కేరీ 1834లోను, మార్ష్‌మన్ 1837లోను గతించిరి.

మూడవ దెబ్బ యన్నింటికంటె పెద్దది. అది కలకత్తానుండి వచ్చెను. 1830లో అలెగ్జాండరు డఫ్ అను స్కాటు పాదరి దిగి, విద్య యంతయు ఆంగ్లముననే యని బడి తెఱచెను. సంపన్నుల బిడ్డలు క్రిక్కిఱిసిరి. 1835లో మెకాలే పత్రము, దాని వెంట బెంటింకు తీర్మానము వెలువడెను. ప్రభుత్వధనము ఆంగ్లవిద్యకే యని నిశ్చయమయ్యెను. నాటి ప్రభుత్వవివాదమున ఒకవైపు సంస్కృతారబ్బీల పక్షము, మఱియొకవైపు ఆంగ్లపక్షము నిలిచెను. ప్రజల నోట పలుకు భాష యీ యిరువురికిని పట్టలేదు. ఆ మూడవ పక్షమునకు చిన్న సేరంపూరే దిక్కు. దిక్కైనవాడు వృద్ధుడై, ఋణగ్రస్తుడై, అంతకుముందు సంవత్సరమే చనిపోయియుండెను.

మేము న్యాయము తప్పి మాటాడము. ఆంగ్లవిద్య కావలెనని యడిగినవారిలో మనవారును గలరు. రామమోహనరాయలే 1823లో సంస్కృత కళాశాల వలదు, పడమటి శాస్త్రములు నేర్పుడని గవర్నరు జనరలునకు వ్రాసెను. ఆయన కోరినది శాస్త్రము. ఆ కోరిక సరియైనదే. శాస్త్రమునకు ఆంగ్లమే తలుపని నిర్ణయించినవారు వేఱు. గుమాస్తాలు కావలసిన ప్రభుత్వమును, గుమాస్తాపని కావలసిన మన గృహస్థులును కలిసి చేసిన నిర్ణయమది. సేరంపూరును ఓడించినవాడు మెకాలే యొక్కడే కాడు. నెలజీతము నాశించి తన బిడ్డను తన భాషనుండి తప్పించిన ప్రతి తండ్రియు నందు భాగస్వామి. నాటి తండ్రి నేటికిని చావలేదు.

తరువాతి కథ సంక్షేపముగా జెప్పెదము. 1845లో డెన్మార్కు తన భారతదేశపు స్థానములను పండ్రెండున్నర లక్షల రూపాయలకు కంపెనీకి విక్రయించెను. ఆ సంధిలో కళాశాల శాసనపు హక్కులు మాత్రము నిలుపబడెను. ఊరు అమ్ముడుపోయెను, శాసనము అమ్ముడుపోలేదు. 1857లో కలకత్తా విశ్వవిద్యాలయము పుట్టగా కళాశాల దాని క్రిందికి జేరెను. తన చేతిలో రాజశాసనముండియు, పరుని పట్టమునకై తన పిల్లలను పంపెను. ఇల్లు గలవాడు అద్దెకొంపకు పోయినట్లయ్యెను. 1883లో కళాశాస్త్రశాఖలు మూతపడి, మతబోధకులకు శిక్షణమిచ్చు చిన్న పాఠశాల మాత్రము మిగిలెను. ఇరువదవ శతాబ్ది మొదట జార్జి హవెల్సను ప్రధానాచార్యుడు వచ్చి, మరచిపోయిన శాసనమును దుమ్ము దులిపి పైకి దీసెను. 1910లో కళాశాల పునరుద్ధరింపబడెను. 1918లో వంగశాసనము వలన వివిధ ప్రొటెస్టంటు సంఘములవారు కూడిన విద్యాపరిషత్తు ఏర్పడెను. అప్పటినుండి దేశమంతట ననేక వేదాంత కళాశాలలు సేరంపూరు పట్టములకు విద్యార్థులను బంపుచున్నవి.

శాసనము బ్రతికెను. సిద్ధాంతము బ్రతుకలేదు. కేరీ పెట్టిన మెట్లు తలక్రిందులయ్యెను. ఉన్నతవేదాంత విద్యకును పరిశోధనకును ఆంగ్లమే ప్రధానద్వారమయ్యెను. చెప్పులు కుట్టువాడు దేశభాషలకై కట్టిన యింటిలో దేశభాషలు వసారాలో నిలిచినవి.

ఇదంతయు మన తెలుగునాటికి జేరిన విధము చూడుడు. రామాయపట్టణము, కాకినాడ, రాజమహేంద్రవరపు లూథర్‌గిరి, దోర్నకలు అను చోట్ల ప్రొటెస్టంటు సంఘముల వేదాంత పాఠశాలలు వెలసెను. తెలుగు పల్లెలకు తెలుగు బోధకులను పంపుటయే వాని పని. ఇట్టి పాఠశాలలు కొన్ని కలిసి 1964లో రాజమహేంద్రవరమున ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల యేర్పడెను. తరువాత నది హైదరాబాదునకు తరలెను. అదియు సేరంపూరు పరిషత్తునకు జెందినదే. ఆ పేరు గమనింపుడు: వేదాంత కళాశాల. మన క్రైస్తవ సోదరులు తమ గ్రంథమును సత్యవేదమనిరి, తమ శాస్త్రమును వేదాంతమనిరి. పరభాషాపదమును తెచ్చి పెట్టుకొనలేదు. మన భాషాకోశములోని మిక్కిలి పూజ్యమైన మాటలను తీసికొని తమవి చేసికొనిరి. కొందఱు దీనిని దొంగతనమనిరి. మేము దానిని దాయభాగమందుము. తెలుగు తల్లి సొత్తులో మాలపల్లెలోని బిడ్డకును పాలు గలదు.

తెలుగు ఆ భారమును మోయగలదా యని సందేహించువారికి సాక్ష్య మొకటి చూపెదము. ఆ 1964లోనే గుఱ్ఱం జాషువ కవిగారి 'క్రీస్తుచరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. వినుకొండలో పుట్టి, అస్పృశ్యతాగ్నిలో వేగి, పద్యమున తన న్యాయమును గెలిచినవా డాయన. క్రీస్తు కథను ఛందోబద్ధమైన తెలుగున, పండితులు తల యూచునట్లు చెప్పిన భాషకు, వేదాంతపరీక్షాపత్రము వ్రాయు శక్తి లేదా? కావ్యమునకు చాలినది సిద్ధాంతగ్రంథమునకు చాలదా? ఈ సందేహము భాషయందలి లోపము వలన పుట్టినది కాదు. పట్టమిచ్చువారి సోమరితనమువలన పుట్టినది.

క్రైస్తవ కళాశాలలను మాత్రము తప్పుపట్టి యూరకుండుట మా యుద్దేశము కాదు. వారి వసారాలో తెలుగు నిలిచియుండెను. మన విశ్వవిద్యాలయములలో వీధిలో నిలిచినది. ఆంధ్ర విశ్వవిద్యాలయము పుట్టినది 1926లో. తెలుగున పాఠ్యగ్రంథములు సిద్ధపఱచుటకు తెలుగు అకాడమీ యేర్పడినది 1968లో. అయినను తెలుగున వైద్యము చదివినవాడు గలడా? తెలుగున న్యాయశాస్త్రమున పరిశోధనపట్టము పొందినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును గదా! హైదరాబాదున 1918లో, సేరంపూరు పరిషత్తు ఏర్పడిన యేటనే, నిజాము ఉస్మానియా విశ్వవిద్యాలయమును స్థాపించి, వైద్యమును ఇంజనీరింగును సైతము ఉర్దూలో చెప్పించెను. అది ప్రజలలో నధికసంఖ్యాకుల భాష కాదనుట నిజమే. తెలుగువానికి అన్యాయమే. అయినను దేశభాషలో శస్త్రచికిత్స నేర్పవచ్చునని నిజాము చూపెను. రసాయనము నేర్పవచ్చునని మాక్ చూపెను. ఒక నవాబునకును ఒక పాదరికిని సాధ్యమైనది, స్వతంత్రులమైన మనకు అసాధ్యమట!

2019లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలలన్నింటను ఆంగ్లమాధ్యమమునే నిర్బంధించుచు ఉత్తరువు లిచ్చెను. 2020లో ఉన్నతన్యాయస్థానము వానిని కొట్టివేసెను. ఆ వివాదమున మేము ముఖ్యముగా వినినది బీదల మాట. ఉన్నవారి బిడ్డలు ఆంగ్లమున చదివి పైకి పోవుచుండగా, మా బిడ్డలను మాత్రము తెలుగున నుంచి క్రింద త్రొక్కెదరా యని వారడిగిరి. ఈ ప్రశ్నకు తెలుగు భాషాభిమానులు సరియైన సమాధానము చెప్పలేదు. చెప్పలేరు. ఏలయన తమ బిడ్డలను ఆంగ్లబడికి పంపి, పేదవాని బిడ్డకు తెలుగు గొప్పతనము నుపన్యసించువాని నోట సమాధానము రాదు. పైమెట్టున పట్టము ఆంగ్లముననే యిచ్చుచున్నంత కాలము, క్రిందిమెట్టున తెలుగును నిలుపుమనుట పేదవానిని మోసగించుటయే. సేరంపూరు నేర్పు పాఠ మిదియే. అచట తొలి మెట్టు దేశభాషలో నుండెను, తుది మెట్టు పట్టముతో శాసనముతో సిద్ధముగానే యుండెను. ఆ రెంటిని కలుపవలసిన ధనము దొరకలేదు, దేశమును పట్టించుకొనలేదు. తొలి మెట్టు మాత్రమే నిలిచినపుడు ప్రజలు ఆంగ్లపు మెట్లవైపు మరలిరి. వారి తప్పేమి?

కాన మా కోరిక బడిపిల్లలతో మొదలుకాదు. పట్టములతో మొదలగును. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగుతో గూడ కొన్ని దేశభాషలలో ఇంజనీరింగు విద్యకు అనుమతి నిచ్చెను. మంచిది. అనుమతి మాత్రము చాలదు. గ్రంథములు కావలెను, అధ్యాపకులు కావలెను, ఆ పట్టము చేతబట్టినవానికి ఉద్యోగము కావలెను. అట్లు గానిచో ఆ యనుమతియు 1827 నాటి రాజశాసనమువలె పెట్టెలో ఎనుబదెనిమిది యేండ్లు నిద్రించును.

క్రైస్తవ సోదరులతో నొక మాట. మీ వేదాంత కళాశాలల నాశ్రయించువారిలో ననేకులు పల్లెలనుండి వచ్చినవారు, తొలితరమున చదువుకొన్నవారు. వారు తిరిగి పోవలసినది తెలుగు పల్లెలకే. వారి పరిశోధనము తెలుగున వెలువడినచో వారి తండ్రి వినును, తల్లి వినును, మేమును విందుము, మీతో వాదింతుము. ఆంగ్లమున వ్రాసి గ్రంథాలయమున బెట్టినచో వినువా రెవ్వరు? మీ మూలపురుషుడు అగ్నిలో కాలిన తెలుగు వ్యాకరణమును మరల మొదటినుండి వ్రాసెను. మీరు కాలని తెలుగును విడిచిపెట్టుట న్యాయమా?

హిందూ సోదరులతో నొక మాట. ఆ ముగ్గురు పాదరుల మతము మనకు వలదు. వారి తలంపును, వారి పట్టుదలను పరులవని త్రోసివేయరాదు. మన పండితులు బోధింపగా నేర్చినవే యవి. మన కమ్మరి పోసిన యక్షరములతో నచ్చయినవే యవి. మన బిడ్డకు మనము మూసిన తలుపును తెఱచుటకు ఇంకొక పరదేశి రావలసిన యవసరము లేకుండ జేయుటయే నిజమైన స్వదేశీయము.

హుగ్లీతీరమున ఆ భవన మింకను నిలిచియున్నది. చిన్నదేశపు రాజు ముద్రతో వచ్చిన శాసనము ఇంకను జీవించియున్నది. దానితో పుట్టిన వాదము ఓడిపోయినది గాని చావలేదు. దానిని గెలిపించు భారము ఒక చెప్పులు కుట్టువానినుండి జాఱి నేడు మన చేతులలో బడినది. మనకు రాజు శాసనము నక్కఱలేదు. మన శాసనసభలు మనవి, మన విశ్వవిద్యాలయములు మనవి, మన ధనము మనది. ఇంకను చేయనిచో, నింద మెకాలేపై మోపుటకు మనకు నోరెక్కడిది?